ఎండల ఊళ్లో మెత్తబడ్డ దవడ: ఒక ఇగ్వానా పుర్రె కేస్ స్టడీ

చనిపోయిన మర్నాడు కొలిచినప్పుడు ఈ ఇగ్వానా కింది దవడ కుడి కొమ్మ (దవడలో కుడి సగం) మధ్యలో 11 మిల్లీమీటర్ల మందం ఉంది. కండా చర్మమూ పోయి, కడిగి ఆరబెట్టాక అదే కొమ్మ 4 మిల్లీమీటర్లకు కూడా రాలేదు. తగ్గిన ఏడు మిల్లీమీటర్ల పైచిలుకులో చర్మం, కండల వాటా కొంతే. మిగతాదంతా జబ్బు తెచ్చిపెట్టిన పీచు కణజాలం. నీళ్లలో నానగానే అది కుళ్లి, కడుగు నీళ్లతో కొట్టుకుపోయింది.

జంతువును మాత్రమే చూసినవాళ్లు ఈ దవడ వాచిందంటారు. పుర్రెను మాత్రమే చూసినవాళ్లు సన్నబడిందంటారు. సరీసృపాల పుర్రెల్లో ఎముకల జబ్బు చదవడంలో అసలు చిక్కు ఇదే. శుభ్రం చేసే పద్ధతి కొంత సాక్ష్యాన్ని మాయం చేస్తుంది, ఇంకోచోట లేని జబ్బును పుట్టిస్తుంది. అందుకే ఈ రాతలో పుర్రెను నీళ్లలో వెయ్యకముందు చేసిన పనికే ఎక్కువ చోటు ఇచ్చాం.

జంతువు, ఇల్లు, తిండి

ఆడ ఆకుపచ్చ ఇగ్వానా. పెంచినవాళ్ల లెక్కన మూడేళ్లు. తోక వదిలేస్తే పొడవు 24 సెంటీమీటర్లు, బరువు 410 గ్రాములు. ఆ వయసుకు ఈ ఎదుగుదల తక్కువే. విశాఖలో నాలుగో అంతస్తు ఫ్లాట్లో పెరిగింది. చివరి రెండు నెలల్లో గట్టి ఆకులు కొరకడం మానేసింది, నోరు పూర్తిగా మూసుకునేది కాదు, వేళ్లు అదిరేవి, వెనక కాళ్లు ఈడ్చేది. తొడలు మాత్రం బలంగా కనిపించేవి. ఈ జబ్బులో ఇది పెద్ద మోసం. బలహీనపడిన తొడ ఎముక చుట్టూ పీచు కణజాలం పేరుకుని కాలు గుండ్రంగా అవుతుంది, ఇంట్లోవాళ్లేమో ఒళ్లు చేసిందని సంతోషిస్తారు.

‘రోజూ ఎండలోనే ఉంటుందండీ, సముద్రం వైపు కిటికీ’ అన్నారు ఇంటివాళ్లు. అబద్ధం కాదు, కాకపోతే ఆ కిటికీకి అద్దం ఉంది. చర్మంలో విటమిన్ డి3 తయారవడానికి కావలసినవి యూవీ-బి కిరణాలు, సుమారు 290 నుంచి 315 నానోమీటర్ల మధ్యవి. మామూలు కిటికీ అద్దం దాటి అవి దాదాపుగా లోపలికి రావు. వెలుగూ వేడీ వస్తాయి కాబట్టి బల్లి హాయిగా ఒళ్లు కాచుకుంటుంది, చూసేవాళ్లకు అంతా సవ్యంగానే కనిపిస్తుంది. ఎండకు కరువు లేని ఊళ్లో ఈ జబ్బు రావడానికి ఒక్క అద్దం పలక చాలు.

తిండి సంగతి కూడా అంతే. రైతుబజారు పాలకూర, కీరదోస, రోజూ ఒక అరటిపండు ముక్క, మధ్యాహ్నం అన్నం మెతుకులు. ఆకులు తినే బల్లి తిండిలో కాల్షియం ఫాస్ఫరస్‌కు రెట్టింపు ఉండాలి, ఒకటిన్నర రెట్లకు తగ్గకూడదు. అరటిపండులోనూ అన్నంలోనూ లెక్క తిరగబడి, ఫాస్ఫరసే కాల్షియానికి నాలుగు రెట్ల దాకా ఉంటుంది. పాలకూరలో కాల్షియం ఉంది గానీ ఆక్సలేట్ దాన్ని పట్టేసుకుని పేగు నుంచి ఒంటిలోకి ఇంకనివ్వదు. అదే బజారులో పక్క గంపలో ఉండే అవిసాకు, మునగాకు ఈ జంతువుకు ఎంతో మేలు. రెండింటిలోనూ కాల్షియం ఫాస్ఫరస్‌కు ఎన్నో రెట్లు ఎక్కువ.

ఈ రెండు లోపాలూ కలిస్తే రక్తంలో కాల్షియం పడిపోతుంది. పారాథైరాయిడ్ గ్రంథులు రెచ్చిపోయి ఎముకల నుంచి కాల్షియాన్ని లాగుతాయి. ఎముక కరిగిన చోట శరీరం పీచుతో పూడ్చుకుంటుంది. దీని పూర్తి పేరు ఫైబ్రస్ ఆస్టియోడిస్ట్రఫీ. పెంపుడు బల్లులు చూసేవాళ్లు మాత్రం ‘రబ్బరు దవడ’ అనే అంటారు. అయితే మూత్రపిండాలు చెడినా ఇదే దవడ వస్తుంది. ఎదిగిన ఇగ్వానాల్లో అది అరుదేమీ కాదు. పుర్రె ఒక్కటే చూసి ఈ రెండింటినీ విడదియ్యడం కుదరదు.

నీళ్లలో వెయ్యకముందు

శవాన్ని ఫ్రీజర్లో పెట్టకుండా 4 డిగ్రీల దగ్గర ఉంచి 18 గంటల్లో తెచ్చారు. గడ్డకడితే ఎముక ఆకారానికి నష్టం లేదు గానీ, కణాల్లో మంచు పలుకులు ఏర్పడి మైక్రోస్కోపు స్లైడు పాడైపోతుంది. ఇగ్వానా పేగులో సాల్మొనెల్లా మామూలే కాబట్టి గ్లవ్స్, మాస్కు తప్పనిసరి. వాడిన బల్లా గిన్నెలూ మళ్లీ వంటింటి ముఖం చూడకూడదు.

మొదట స్కేలు పక్కన పెట్టి ఫొటోలు, తర్వాత కాలిపర్‌తో కొలతలు. కింది దవడ రెండు కొమ్మల మందం మూడు చోట్ల కొలిచాం: ముందు పళ్ల దగ్గర, మధ్యలో, కీలుకు దగ్గరగా. రెండు వైపులా తేడా ఒక మిల్లీమీటరు లోపే. ఈ సమానత్వం ముఖ్యం. చీముతో వచ్చే వాపు సాధారణంగా ఒక పక్కకే మొగ్గుతుంది, ఒంటిలోని లోపంతో వచ్చేది రెండు పక్కలా సాగుతుంది. కింది దవడ కొస పై దవడ కంటే 3 మిల్లీమీటర్లు వెనకపడింది. బొటనవేలు, చూపుడువేలు మధ్య రెండు కొమ్మలనూ మెల్లగా నొక్కితే లేత కొబ్బరి చిప్పలా లోపలికి వంగి మళ్లీ తేరుకుంది. గట్టి దవడ అలా వంగదు. ఈ పరీక్ష ఒక్కసారే చెయ్యాలి. మళ్లీ మళ్లీ నొక్కితే మన వేళ్లే ఎముకను కొత్తగా విరుస్తాయి, తర్వాత దాన్ని పాత దెబ్బ అని రాసుకుంటాం.

ఎక్స్‌రే రెండు దశల్లో తీశాం. తల మొత్తాన్ని పై నుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి. తర్వాత కింది దవడ విడదీసి, ఒక్కో కొమ్మను పళ్ల డాక్టర్లు వాడే చిన్న సెన్సర్ మీద పెట్టి మళ్లీ. ఇంత చిన్న ఎముకకు పెద్ద యంత్రం కంటే ఆ సెన్సరే నయం, అంచు స్పష్టంగా వస్తుంది. ఇక్కడ తెలియని పొరపాటు ఒకటి జరుగుతుంటుంది. డిజిటల్ ఎక్స్‌రే సాఫ్ట్‌వేర్ బొమ్మ బాగా కనబడాలని తెలుపు నలుపులను తనంతట తానే సరిచేస్తుంది, దాంతో పలచబడ్డ ఎముక కూడా తెల్లగా ముద్దొస్తుంది. ఆ సరిదిద్దడాన్ని ఆపేసి, పక్కన మెట్లు మెట్లుగా కోసిన అల్యూమినియం ముక్కను, అదే సైజు ఆరోగ్యమైన ఇగ్వానా దవడను పెట్టి ఒకే బొమ్మలో తీశాం. అలా తీసినా, ఎముకలో ఖనిజం 30 నుంచి 50 శాతం పోయేదాకా మామూలు ఎక్స్‌రేలో తేడా పట్టుబడదు. కాబట్టి ఎక్స్‌రే బాగుందంటే జబ్బు లేదని అర్థం కాదు. ఇందులో మాత్రం అనుమానానికి తావు లేదు. దవడ బయటి గోడ పెన్సిలు గీతంత సన్నంగా, అక్కడక్కడా తెగి కనిపించింది.

తర్వాత పంపకం. ఎడమ కొమ్మ, కెరోటిడ్ ధమని చుట్టూ ఉన్న మెడ కణజాలం (పారాథైరాయిడ్ అక్కడే దొరుకుతుంది), కటి లోపల దాక్కుని ఉండే మూత్రపిండాలు, ఒక తొడ ఎముక 10 శాతం బఫర్డ్ ఫార్మలిన్‌లోకి వెళ్లాయి. ముక్కకు పదింతలు ద్రవం, 48 గంటలు. కుడి కొమ్మ, మిగతా పుర్రె నీళ్లలోకి. ఈ రెండు దారులూ ఎక్కడా కలవకూడదు. ఫార్మలిన్ తగిలిన కండ గట్టిపడి ఎన్నాళ్లు నానబెట్టినా ఊడి రాదు. నీళ్లలో నానినదేమో స్లైడుకు పనికిరాదు. తల మొత్తం ఫార్మలిన్ సీసాలో ముంచేశాక ‘ఇప్పుడు పుర్రె కూడా కావాలి’ అనేవాళ్లకు చెప్పగలిగిందేమీ లేదు.

చనిపోయాక తీసిన రక్తంలో కాల్షియం, ఫాస్ఫరస్ నిష్పత్తి చూడలేదు. కణాలు పగిలి ఫాస్ఫరస్ పెరుగుతుంది కాబట్టి ఆ అంకెకు విలువ లేదు. బతికుండగా తీసి ఉంటే మూత్రపిండాల ప్రశ్న చాలావరకు అప్పుడే తేలేది.

కడగడం

చర్మం తీసేటప్పుడు నుదుటి దగ్గర ఆగాలి. బల్లుల్లో అక్కడ చర్మం ఎముకకు అతుక్కునే ఉంటుంది, లాగితే దానితోపాటు పలచటి ఎముక పొర కూడా వస్తుంది. దాన్ని నీళ్లకు వదిలెయ్యడమే మంచిది. కళ్లను విడిగా తీసి వేరే గుడ్డలో కట్టాం. వాటిలో రేకుల్లాంటి ఎముకల వలయం ఉంటుంది, కలిపేస్తే ఏ రేకు ఏ కంటిదో తెలీదు. మెదడును వెనక రంధ్రం గుండా వంచిన తీగతో కదిలించి, సిరంజితో నీళ్లు కొట్టి తీశాం. చెవిలో కొలుమెల్లా అనే, సూది కంటే సన్నటి ఎముక ఉంటుంది. అది ఉందో లేదో ఈ దశలోనే చూసి రాసుకోవాలి.

పుర్రెను పాత పంచె ముక్కలో వదులుగా మూట కట్టి, అక్వేరియం హీటర్‌తో 35 డిగ్రీలు నిలిపిన నీళ్లలో పెట్టాం. వేసవిలో డాబా మీద బకెట్ పెడితే హీటర్ దండగ అనిపిస్తుంది గానీ, మిట్టమధ్యాహ్నం ఎంతకు పోతుందో, తెల్లవారుజామున ఎంతకు దిగుతుందో చేతిలో ఉండదు. రెండు రోజులకోసారి సగం నీళ్లు మాత్రమే మార్చాం. పూర్తిగా మారిస్తే కుళ్లబెట్టే బాక్టీరియా కూడా పోయి పని మళ్లీ మొదటికొస్తుంది. పారబోసే ప్రతి చుక్కా టీ వడపోత గుండానే. ఈ సైజు ఆరోగ్యమైన తలకు 8 నుంచి 10 రోజులు పట్టే పనిని ఇక్కడ అయిదో రోజునే ఆపేశాం. ఖనిజం తక్కువైన ఎముకలో మిగిలేది ఎక్కువగా కొలాజెన్, కండ అయిపోయాక బాక్టీరియా దాని మీద పడుతుంది. మిగిలిపోయిన పీచును చిమటాతో, మెత్తటి బ్రష్‌తో తీశాం. ఎంజైమ్ ఉన్న బట్టల సబ్బు పొడి, బొప్పాయి పాల పొడి ఆరోగ్యమైన పుర్రెకు పని తొందరగా చేస్తాయి, ఈ ఎముక జోలికి మాత్రం రాకూడదు.

ఉడకబెట్టడం అసలే కూడదు. కొలాజెన్ జిగురుగా మారి, గోడలు ముడుచుకుని, అతుకులు విచ్చుకుంటాయి. ఇంటి బ్లీచ్ ఇంకా ప్రమాదం. అది ఎముక పైపొరను తినేసి సన్నటి గుల్లతనం తెస్తుంది, అచ్చం జబ్బు గుల్లతనంలాగే. బ్లీచ్ పట్టించిన పుర్రెలో ‘గుల్ల ఉంది’ అని రాసిన రిపోర్టును పక్కన పెట్టెయ్యడమే మేలు. మందుల షాపులో 20 వాల్యూమ్ అని దొరికే హైడ్రోజన్ పెరాక్సైడ్ 6 శాతం ఉంటుంది. సగం నీళ్లు కలిపి కొన్ని గంటలు ఉంచితే మంచి పుర్రెకు హాని లేదు. దీనికి అదీ వాడలేదు. సన్నటి రంధ్రాల్లో పుట్టే బుడగలు పొరలను లోపలి నుంచి తోస్తాయి. పుర్రె కాస్త పచ్చగా ఉంటే చదువుకు వచ్చిన నష్టమేమీ లేదు.

పుర్రె మీది కండ తినే తోలు పురుగుల గురించి కూడా అడుగుతుంటారు. విశాఖలో వాటికి కొదవ లేదు. హార్బర్ వైపు ఎండు చేపల గంపల్లో వెంట్రుకల ఒంటితో తిరిగే ముదురు గోధుమ రంగు పురుగు డెర్మెస్టెస్ జాతిదే. ఆరోగ్యమైన పుర్రెకు అంత శ్రద్ధగా పనిచేసే కూలీ దొరకడు. కానీ కండ అయిపోయిన మరుక్షణం పలచటి ఎముకనూ కొరుకుతుంది, సముద్రపు తేమకు పెట్టెలో బూజూ సన్న నల్లులూ (మైట్స్) పట్టి పురుగులే చస్తాయి. జబ్బు ఎముకకు నీళ్లే నయం.

ఎముక మీద ఏం కనిపించింది

పక్క నుంచి వాలుగా టార్చి వేసి, 10 రెట్ల లెన్సుతో చూశాం. ఆరోగ్యమైన దవడ మీద వెలుగు జారిపోతుంది. ఇక్కడ ప్రతి గుంటలో చిన్న నీడ పడింది. కుడి కొమ్మ బయటి గోడ చెద తిన్న అట్టలా జల్లెడైంది. బరువు 0.62 గ్రాములు. ఎత్తు నుంచి పడి చనిపోయిన, అదే పొడవున్న మరో ఇగ్వానా దవడ కొమ్మ 1.08 గ్రాములు తూగింది. వంటింటి కాటాతో ఈ తేడా దొరకదు, బంగారం తూచే కాటా కావాలి.

దవడ బయటి వైపు వరుసగా ఉండే రంధ్రాలు నరాలకు పుట్టుకతో ఉన్న దారులు. వాటిలో మూడోది మిగతావాటికి రెండింతలుంది, కాసేపు దాని దగ్గరే ఆగాల్సి వచ్చింది. అది చీము దారి అయితే అంచు దళసరిగా తెల్లబడి, చుట్టూ గరుకైన కొత్త ఎముక పేరుకుని ఉండాలి. సరీసృపాల చీము పాలలా కారదు, గట్టి జున్నులా ముద్ద కడుతుంది కాబట్టి కడిగాక దాని చోటు గిన్నెలాంటి గుంటగా మిగులుతుంది. పరికరం తగిలి పడిన రంధ్రమైతే అంచు పదునుగా, విరిగిన చోటు చుట్టుపక్కల కంటే లేత రంగులో ఉంటుంది. ఇక్కడ అంచు నున్నగా, పలచగా, రంగు తేడా లేకుండా ఉంది. లోపల గిన్నె లేదు. చుట్టూ ఎముక కరగడంతో ఉన్న దారే వెడల్పైందని తేల్చాం.

ఇగ్వానా పళ్లు గుంటల్లో నాటుకుని ఉండవు, దవడ లోపలి మెట్టు మీద బయటి గోడకు ఆనుకుని అతికి ఉంటాయి. ఆ గోడ కరిగితే పళ్లు వరుసగా వదులవుతాయి. కడుగుతున్నప్పుడు మూడు పళ్లు వడపోతలోకి వచ్చేశాయి. పళ్ల అడుగున లోపలి వైపు కనిపించే నిలువు చిన్న గుంటలు మాత్రం జబ్బు కాదు. కింద పుడుతున్న కొత్త పన్ను పాతదాన్ని తొలుస్తుంటే పడే గుర్తులవి, ఇగ్వానా బతికినన్నాళ్లూ పళ్లు మార్చుకుంటూనే ఉంటుంది. వీటిని పుప్పి పళ్లని రాసినవి చాలానే కనిపిస్తాయి. మన తొండ సంగతి వేరు. ముందువి కొన్ని తప్ప దాని పళ్లు ఎముక అంచు మీదే అతికి ఉంటాయి, ఊడితే మళ్లీ రావు. చిగుళ్ల జబ్బు నేరుగా ఎముకలోకి దిగేది ఎక్కువగా అలాంటి జంతువుల్లోనే.

కొమ్మ వెనక మూడో వంతులో ఎముక పాతగా విరిగిన చోటు ఒకటి ఉంది. రెండు కొసలూ గుండ్రంగా అరిగాయి, మధ్యలో ఎముక వంతెన లేదు. బతికుండగా పీచే దాన్ని పట్టి ఉంచిందన్నమాట. తాజాగా విరిగినదైతే కొసలు గుండ్రబడేవి కావు. పుర్రె పైభాగం దాదాపు గట్టిగానే ఉంది. నడినెత్తిన ఉన్న సన్న రంధ్రం బల్లుల్లో వెలుగును పసిగట్టే మూడో కంటి దారి, జబ్బుతో దానికి సంబంధం లేదు. నమలడానికి వాడే దవడ ముందు లొంగి, నెత్తి చివరిదాకా నిలవడం ఈ జబ్బు తీరుకు సరిపోతుంది.

స్లైడులు

ఎడమ కొమ్మను ఎముకలోని కాల్షియాన్ని లాగేసే 10 శాతం ఈడీటీఏ ద్రవంలో, పీహెచ్ 7.2 నుంచి 7.4 మధ్య ఉంచి, మూడు రోజులకోసారి ద్రవం మారుస్తూ 16 రోజుల్లో మెత్తబరిచాం. సూదితో గుచ్చి కాకుండా ఎక్స్‌రేతో చూసి ఆపాం. నైట్రిక్ యాసిడ్‌తో ఒకటి రెండు రోజుల్లో అయిపోయేది గానీ, కేంద్రకాలు రంగు పట్టకుండా పోతాయి. మనం వెతికేదే కణాల్ని.

బయటి గోడ చోట వదులైన పీచు. అందులో దీవుల్లా అల్లిబిల్లి ఎముక తుంపులు, వాటి అంచుల్లో కొరికినట్టున్న గుంటలు, గుంటల్లో ఎముకను కరిగించే పెద్ద ఆస్టియోక్లాస్ట్ కణాలు. తుంపుల చుట్టూ ఖనిజం చేరని ఆస్టియాయిడ్ పట్టీ వెడల్పుగా ఉంది. చీము కణాల గుంపులు గానీ, బాక్టీరియా గానీ లేవు. పారాథైరాయిడ్ ఉబ్బి ఉంది. మూత్రపిండాల్లో నాళికలు నిలిచే ఉన్నాయి, యూరిక్ యాసిడ్ గడ్డలు లేవు. దాంతో కారణం మూత్రపిండాలేమో అన్న అనుమానం తీరిపోయింది. తిండి, అద్దం కలిసి తెచ్చిన జబ్బేనని రాశాం. కడిగిన పుర్రె ఒక్కటే ఉండి ఉంటే ‘పలచబడిన, గుల్లబారిన దవడ, కారణం తేలదు’ అన్న దగ్గరే ఆగిపోవలసి వచ్చేది.

భద్రపరచడం, కాగితాలు

తూకాలు, ఫొటోలు అయ్యాకే ఎముకను గట్టిపరచాలి, ఆ తర్వాత తూస్తే అది ఎముక బరువు కాదు. 100 మిల్లీలీటర్ల అసిటోన్‌లో 5 గ్రాముల పారలాయిడ్ బి-72 అనే గట్టిపరిచే రెజిన్ కరిగించి, సన్నటి బ్రష్‌తో చుక్కచుక్కగా ఇంకించాం. విశాఖ గాలిలో ఈ పని తెరిచిన కిటికీ పక్కన చేస్తే చెడుతుంది. అసిటోన్ ఆవిరవుతూ ఎముకను చల్లబరుస్తుంది, గాలిలోని తేమ దాని మీద పడుతుంది, పూత తెల్లటి బూడిదలా పొంగుతుంది. ఏసీ కాసేపు నడిచిన గదిలో, నిప్పుకు దూరంగా చెయ్యాలి. తెల్లబడితే మళ్లీ కొద్దిగా అసిటోన్ అద్దితే పోతుంది. పెట్టెలో సిలికా జెల్ వేసి, రంగు మారినప్పుడల్లా మార్చాలి. లేకపోతే ఒక్క వానకాలంలోనే బూజు పడుతుంది.

ఇగ్వానా విదేశీ జంతువు. వన్యప్రాణుల వ్యాపారంపై అంతర్జాతీయ ఒప్పందమైన సైటిస్ రెండో అనుబంధంలో ఉంది కాబట్టి పెంచేవాళ్లు కేంద్ర పర్యావరణ శాఖ పరివేష్ పోర్టల్లో నమోదు చేసుకోవాలి, చనిపోయినా తెలపాలి. ఆ కాగితం నకలు పుర్రెతోపాటే ఉంచాం. ఇదే పద్ధతిని ఉడుము మీద ప్రయత్నిద్దామనుకునేవాళ్లు ముందు అటవీ శాఖ అనుమతి తెచ్చుకోవాలి. 1972 వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూలులోని జంతువది. విశాఖ దగ్గరి కంబాలకొండ అడవి దారిలో దొరికిన ఎండు పుర్రె అయినా సరే, జేబులో వేసుకు రాకూడదు.

పెట్టె మీద చీటీలో జాతి, లింగం, పొడవు, చనిపోయిన తేదీ, నీళ్లలో ఉంచిన రోజులు, వాడిన రసాయనాలు, ఎడమ కొమ్మ స్లైడుల నంబర్లు ఉన్నాయి. వడపోతలో దొరికిన మూడు పళ్లు ఖాళీ క్యాప్సూల్‌లో విడిగా ఉన్నాయి. ఏది ఏ చోటిదో తేలలేదు కాబట్టి అతికించలేదు.